తెల్ల తెర ముందు చామనఛాయ

నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు వెతికినా దొరకడం కష్టం. వీసా కాగితాలకు ఫొటో కావాలి, ఆ ఫొటో వెనక తెల్లగా ఉండాలి. బోధన్‌లో, ఆర్మూర్‌లో, నిజామాబాద్ బస్టాండు చుట్టుపక్కల ఏ స్టూడియోలోకి వెళ్లినా తెల్ల తెర, దాని ముందు ఓ స్టూలు, రెండు లైట్లు సిద్ధంగా ఉంటాయి. ప్రింటు చేతికి రాగానే ఫొటో దిగిన మనిషి తరచూ అనే మాట ఒకటుంది: "అన్నా, మొఖం నల్లగొచ్చింది. జెర తెల్లగ చెయ్యి." స్టూడియో అతను కంప్యూటర్‌లో బ్రైట్‌నెస్ పెంచుతాడు. ముఖం తెల్లబడుతుంది. కనుబొమల అంచులు, ముక్కు పక్క నీడ, పెదవుల గీత కూడా ఆ తెలుపులోనే కలిసిపోతాయి.

అడిగిన మనిషిది తప్పు కాదు. ఫొటో నిజంగానే నల్లగా వచ్చి ఉంటుంది. దానికి అతని చామనఛాయను కారణంగా చూపడం మాత్రం అన్యాయం. ఆ నలుపులో కొంత కెమెరా మీటరులో పుట్టింది, కొంత చూసే కంటిలో పుట్టింది. దాన్ని లెక్కగట్టవచ్చు, సరిచేయవచ్చు.

తెలుపు, లేత బూడిద ఛాయలే చిత్రమంతా పరుచుకుని, నలుపు కళ్లలో, జుట్టులో, కాటుకలో కొద్దిగా మాత్రమే కనిపించే చిత్రాన్ని ఫొటోగ్రాఫర్లు హై-కీ అంటారు. పసిపిల్లల ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లో మధుపర్కాలతో తీసిన వధూవరుల చిత్రాలు, సబ్బుల ప్రకటనలు ఈ పద్ధతిలో ఎక్కువగా వస్తాయి. తెల్ల తెర ముందు తీసే వీసా ఫొటో కూడా దీని అతి సామాన్యమైన రూపమే. హై-కీ అంటే ఎక్స్‌పోజర్ పెంచేసి తీయడం అన్న అపోహ ఒకటి బలంగా ఉంది. ఈ పద్ధతికి జరిగే నష్టమంతా దాదాపు ఆ అపోహ వల్లే. హై-కీ చిత్రాన్ని నిలబెట్టేవి అందులోని ఆ కొద్దిపాటి నలుపులు.

తెలుపు అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. దానికి బోధన్ కంటే మంచి చోటు లేదు. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండిన ఈ నేలలో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటిగా పేరుపడిన ఆ మిల్లు 2015 డిసెంబర్‌లో మూతపడింది. చక్కెర గింజను ఒక్కదాన్నే వేలిమీద పెట్టుకుని వెలుగులో చూస్తే అది తెల్లగా ఉండదు. గాజుముక్కలా దానిగుండా అవతలిది కనిపిస్తుంది. కుప్పగా పోసినప్పుడే తెలుపు పుడుతుంది. గాలికీ గింజకీ మధ్య ఉన్న ప్రతి ముఖం దగ్గరా వెలుతురులో 4, 5 శాతం వెనక్కి మళ్లుతుంది, మిగిలింది వంగి లోపలికి పోతుంది. వందల గింజల మధ్య అలా తిరిగి తిరిగి, ఏ రంగునూ పోగొట్టుకోకుండా అన్ని దిక్కులకూ బయటికొస్తుంది. మన కన్ను దాన్నే తెలుపు అంటుంది. కాగితం, నూలుబట్ట, సున్నం కొట్టిన గోడ, స్టూడియో తెర తెల్లగా ఉండడానికి కూడా కారణం ఇదే.

చక్కెర వ్యాపారంలో ఎస్-30, ఎం-30 అనే గ్రేడ్లు వినే ఉంటారు. అక్షరం గింజ సైజును చెబుతుంది, అంకె రంగును చెబుతుంది. కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ప్రామాణిక నమూనాలతో పోల్చి ఈ గ్రేడ్లు తేలుస్తారు. రంగునూ గింజనూ విడివిడిగా చెప్పవలసిన అవసరం ఉంది. ఒకే రసంలోంచి వచ్చిన చక్కెరలో సన్నగింజ ఎక్కువ తెల్లగా కనబడుతుంది, ఎందుకంటే గింజ చిన్నదైన కొద్దీ వెలుతురు మళ్లే ముఖాలు పెరుగుతాయి. ఇక గింజల మీద పలచని మొలాసిస్ పొర మిగిలిపోతే కుప్పంతా పసుపు తిరుగుతుంది. వెలుతురు ఆ పొరను ఒకసారి కాదు, ఎన్నోసార్లు దాటాలి కదా, దాటినప్పుడల్లా నీలం కొంచెం కొంచెం తరిగిపోతుంది. ఈ మాట మళ్లీ చర్మం దగ్గర అవసరమవుతుంది.

ఇప్పుడు ఆ చక్కెర కుప్పను ఫ్రేము నిండా పెట్టి, కెమెరాను ఆటోలో ఉంచి ఫొటో తీయండి. కుప్ప బూడిదరంగులో వస్తుంది. ఎందుకంటే కెమెరాలోని మీటరు వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురును మాత్రమే కొలుస్తుంది. ఎదురుగా ఉన్నది మసక వెలుతురులో ఉన్న తెల్ల చక్కెరా, ఎండలో ఉన్న బూడిద గోడా అన్నది దానికి తెలిసే మార్గం లేదు. అందుకని లోకం సగటున తన మీద పడ్డ వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపుతుందని అనుకుని, ఎదురుగా ఏది ఉన్నా ఆ నడిమి బూడిదకు దింపుతుంది.

వీసా ఫొటోలో జరిగేదీ ఇదే. తెల్ల తెర, తెల్ల చొక్కా తమ మీద పడ్డ వెలుతురులో దాదాపు 85 శాతం తిప్పి పంపుతాయి అనుకుందాం. మన ప్రాంతపు చామనఛాయ ముఖానికి 15 శాతం పెడదాం. రెంటి మధ్య తేడా ఐదున్నర రెట్ల పైన, అంటే రెండున్నర స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం). ఫ్రేములో ఎక్కువ భాగం తెలుపే కనుక మీటరు ఆ 85ను 18కి దింపుతుంది. దాంతోపాటే ముఖం 15 నుంచి 3కి పడిపోతుంది. కంప్యూటర్ అంకెల్లో 0 నుంచి 255 దాకా ఉన్న మెట్ల మీద చూస్తే, 108 దగ్గర ఉండవలసిన చెంప 50 దగ్గరికి జారుతుంది. తెర 237 నుంచి 118కి వచ్చి బూడిదవుతుంది. ఇక్కడ చామనఛాయ చేసిన పాపం ఏమీ లేదు. మీటరు రెండు స్టాపులకు పైగా తప్పు లెక్క కట్టింది, అంతే.

అందుకే తెలుపు ఎక్కువున్న ఫ్రేములో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటిన్నర నుంచి రెండు దాకా పెంచమంటారు. అంతకంటే నమ్మకమైన దారి చేతి మీటరు. దాన్ని ముఖం దగ్గర పెట్టి, దాని తెల్ల బుడిపెను కెమెరా వైపు తిప్పితే ముఖం మీద పడుతున్న వెలుతురునే కొలుస్తుంది. వెనక తెర ఏ రంగుదో, చొక్కా ఏ రంగుదో దానికి పట్టదు. ఫోన్‌తో తీసేవాళ్లు ముఖం మీద వేలుపెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరిపితే ఇంచుమించు అదే పని జరుగుతుంది.

తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి తర్వాత కంప్యూటర్‌లో పెంచుకుంటే సరిపోదా? సరిపోదు, కారణం వెలుతురు స్వభావంలోనే ఉంది. వెలుతురు ఫోటాన్లుగా, విడివిడి రేణువులుగా వస్తుంది. వాటి రాకలో సహజంగానే హెచ్చుతగ్గులుంటాయి. సెన్సర్‌లోని ఒక గడిలో 10,000 ఫోటాన్లు పడితే ఆ హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. 100 ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గితే ఫోటాన్లు నాలుగో వంతవుతాయి, గరుకు రెండింతలవుతుంది. తర్వాత బ్రైట్‌నెస్ పెంచితే ముఖంతోపాటు ఆ గరుకూ పైకి లేస్తుంది. మాపటి పూట ఫోన్‌తో తీసి తెల్లగా చేసిన ముఖాలు పిండి చల్లినట్టు కనబడడానికి ఇదొక కారణం. ముందే తగినంత వెలుతురు ఇచ్చి తీసిన ముఖం నునుపుగా వస్తుంది. హై-కీ చిత్రాల్లో చర్మం మెత్తగా కనిపించడంలో మేకప్‌తోపాటు ఫోటాన్ల లెక్కకూ పాత్ర ఉంది.

ఇక చర్మం. ముఖం మీద పడ్డ వెలుతురు రెండు దారుల్లో మన దగ్గరికొస్తుంది. సుమారు 4 శాతం పైపొర మీదినుంచే, చర్మపు రంగుతో పనిలేకుండా, అద్దంలోంచి వచ్చినట్టు మళ్లుతుంది. చమురు, చెమట ఉన్నచోట ఇదే మెరుపుగా కనబడుతుంది. మిగిలింది లోపలికి పోయి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పొరను దాటి, లోపలి కణజాలంలో చెదిరి, మళ్లీ ఆ పొరను దాటుకుని బయటికొస్తుంది. మొలాసిస్ పొర చక్కెరకు చేసిందే మెలనిన్ చర్మానికి చేస్తుంది: నీలాన్ని ఎక్కువగా మింగి, ఎరుపును ఎక్కువగా వదులుతుంది. అందుకే మన ముఖాల్లో ఎరుపు చానల్ అన్నిటికంటే వెలుగుగా, నీలం చానల్ అన్నిటికంటే చీకటిగా ఉంటుంది.

ఈ రెండు దారుల నిష్పత్తి లైటింగ్‌ను నిర్ణయిస్తుంది. తెల్ల చర్మం లోపలినుంచి 35 శాతం దాకా తిప్పి పంపగలదు. దాని మీద 4 శాతం మెరుపు చిన్న కలుపు. లోపలినుంచి 10 శాతమే వచ్చే నల్లని ముఖం మీద అదే 4 శాతం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చిన్న బల్బుతో, నేరుగా కొట్టిన ఫ్లాష్‌తో నల్లని ముఖాన్ని తీస్తే ఆ మెరుపంతా నుదుటి మీద, ముక్కు మీద ఒక్కచోట చేరి తెల్ల మచ్చవుతుంది, పక్కనున్న చర్మం ఇంకా నల్లగా తోస్తుంది. ఆ మెరుపును పెద్ద సాఫ్ట్‌బాక్స్‌తోనో, గొడుగుతోనో ముఖమంతా పరిచేస్తే అదే చర్మానికి నిగారింపు అవుతుంది. నల్లని ముఖానికి కావలసింది ఎక్కువ వెలుతురు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ వెడల్పున్న వెలుతురు కావాలి. ఈ ఒక్క సంగతి మన స్టూడియోలన్నిటిలో గోడమీద రాసిపెట్టదగ్గది.

ఫొటోగ్రఫీ పుట్టినప్పటినుంచీ ఈ మెలనిన్ లెక్క మనకు వ్యతిరేకంగానే నడిచింది. నిజామాబాద్ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాంకు ఆస్థాన ఫొటోగ్రాఫర్. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా పెట్టాడు. ఆ తరం వాడిన గాజు ప్లేట్లలో ఎక్కువ భాగం నీలానికే బాగా స్పందించేవి, ఎరుపు వాటికి చీకటితో సమానం. మన చర్మం తక్కువగా పంపేది ఆ నీలాన్నే. కనుక ముఖం అసలు ఉన్నదానికంటే నల్లగా నమోదయ్యేది, తెల్లని అంగరఖా మాత్రం తళతళలాడేది. 1873లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ ప్లేట్లకు రంగులద్ది ఆకుపచ్చను కూడా పట్టించే దారి కనిపెట్టాడు. ఎరుపునూ చూడగల పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వాడుకలోకి రావడానికి ఇరవయ్యో శతాబ్దం కావలసివచ్చింది.

దీన్ని ఇవాళ ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో రాశులు పోసిన పసుపును గానీ, నలుగు పెట్టిన పెళ్లికూతురి ముఖాన్ని గానీ ఫోన్‌తో రంగుల్లో తీయండి. ఎడిటింగ్ యాప్‌లో నలుపు-తెలుపుకు మార్చి, రంగుల ఫిల్టర్లలో నీలం ఎంచుకోండి. పసుపు దాదాపు నల్లబడుతుంది, ఎందుకంటే అందులోని కర్‌క్యుమిన్ నీలాన్ని మింగేస్తుంది. ఎరుపు ఫిల్టర్ ఎంచుకుంటే అదే పసుపు తెల్లగా వెలుగుతుంది, ముఖం కూడా. మనిషి మారలేదు, పసుపు మారలేదు. ఏ రంగు వెలుతురును లెక్కలోకి తీసుకున్నామన్నదే మారింది. నలుపు-తెలుపులో హై-కీ చిత్రం చేయదలచినవాళ్లకు చామనఛాయ ముఖాన్ని వెలిగించే తిన్నని దారి ఈ ఎరుపు ఫిల్టరే. రంగుల చిత్రంలో అదే ఎరుపు విషయంలో జాగ్రత్తపడాలి. మూడు చానళ్లలో ముందుగా 255ను తాకి నిండిపోయేది ఎరుపే. వెలుగుల పంపకాన్ని చూపే మామూలు హిస్టోగ్రామ్ బాగానే కనబడుతున్నా చెంప మీద వివరం పోయి నారింజ మచ్చ పడడం అందువల్లే. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసే అలవాటు చేసుకోవాలి.

ప్లేట్ల తర్వాత ఫిల్ములొచ్చాయి, ప్రింటింగ్ ల్యాబులొచ్చాయి. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. ఆ కార్డులకు షర్లీ కార్డులని పేరు. ఆ చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతి దీనికంటే నిజాయితీగల కొలత. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు కట్టి, తెల్లజాతి చర్మాన్ని ఆరో మెట్టు మీద, నల్లని చర్మాన్ని ఐదో మెట్టు దగ్గర కూర్చోబెట్టింది. ఒక్కో మెట్టుకూ తేడా ఒక స్టాపు. చర్మం ఏదైనా దానికో చోటుంది, ఆ చోటు తెలుసుకుని ఎక్స్‌పోజర్ ఇవ్వడం ఫొటోగ్రాఫర్ పని.

ఎక్స్‌పోజర్ సరిగ్గా కుదిరాక కూడా "నల్లగొచ్చింది" అనే మాట రావచ్చు. అప్పుడు కారణం కన్ను. ఒకే బూడిదరంగు ముక్కను నల్ల కాగితం మీద పెడితే లేతగా, తెల్ల కాగితం మీద పెడితే ముదురుగా కనబడుతుంది. పారిస్‌లో గోబెలాఁ అద్దకశాలను చూసుకున్న షెవ్రెల్ పక్కపక్కనున్న ఛాయల ఈ ప్రభావం మీద 1839లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. కన్ను వెలుతురును విడిగా కొలవదు, పక్కనున్నదానితో పోల్చి కొలుస్తుంది. అద్దంలో రోజూ తన ముఖాన్ని ఇంటి గోడలు, తలుపులు వెనకుండగా చూసుకునే మనిషి, తెల్ల తెర ముందు అదే ముఖాన్ని చూసినప్పుడు తప్పకుండా ముదురుగా అనుకుంటాడు. అతని ఫిర్యాదు అబద్ధం కాదు, భ్రమా కాదు, చూపు పనిచేసే తీరు అది. దాన్ని తీర్చవలసింది ముఖాన్ని సున్నం చేసి కాదు, ముఖానికీ తెరకూ మధ్య వెలుగు తేడాను కొంచెం తగ్గించి. అంటే తెరను అవసరానికి మించి వెలిగించకూడదు.

ఇక్కడే చాలా స్టూడియోలు ఎదురుదారి పడతాయి. తెర స్వచ్ఛంగా తెల్లబడాలని దాని మీద ముఖం కంటే రెండు, మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు కొడతారు. 85 శాతం తెలుపు పూర్తి తెలుపు కావడానికి పావు స్టాపు చాలు. అర స్టాపు ఇస్తే తెర మీద ముడతలు కూడా మాయమవుతాయి. అంతకు మించి ఇచ్చిందంతా లెన్సులోకి దూరి, గాజు ముఖాల మధ్య చెదిరి, ఫ్రేమంతా పలచటి ముసుగులా పరుచుకుంటుంది. ఆ ముసుగు తెలుపు మీద కనపడదు, నలుపు మీద కనబడుతుంది. కంటిపాప 2, తెర 100 అనుకుంటే తేడా 50 రెట్లు. దానిమీద 3 పాళ్ల చెదిరిన వెలుతురు కలిస్తే కంటిపాప 5, తెర 103, తేడా 20 రెట్లకు పడిపోతుంది. ముఖం ఎక్స్‌పోజర్ మారలేదు, కానీ కళ్లలో జీవం పోయింది. హై-కీలో కాంట్రాస్ట్ పోవడమంటే ఇదే: చిత్రం పైకొసన కాదు, కింది కొసన నష్టం.

మన ఊళ్లలో స్టూడియో అంటే చాలావరకు ఒక మడిగె. పది, పన్నెండు అడుగుల లోతులో తెర, మనిషి, లైట్లు, కెమెరా అన్నీ సర్దుకోవాలి. అలాంటి చోట దూరాల లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుంది. సాఫ్ట్‌బాక్స్ ముఖానికి 3 అడుగుల్లో, తెర ముఖానికి వెనక 5 అడుగుల్లో ఉంటే, ఆ లైటు తెరను చేరేసరికి ఏడో వంతే మిగులుతుంది. తెల్ల తెర బూడిదగా వస్తుంది. ఆ బూడిదను పోగొట్టడానికి సాఫ్ట్‌బాక్స్‌ను వెనక్కి జరిపితే తెర కొంత తెల్లబడుతుంది గానీ, ముఖానికి ఆ లైటు చిన్నదైపోయి మెరుపు మచ్చలు మళ్లీ వస్తాయి. కనుక ముఖానికి దగ్గరగా వెడల్పాటి లైటు, తెరకు విడిగా మరొక లైటు, రెండో చెంప పక్కన ఒక థర్మాకోల్ షీటు. నీడపడిన చెంప వెలుగు చెంప కంటే ఒక స్టాపుకు మించి తక్కువ కాకుండా ఆ షీటును దగ్గరికీ దూరానికీ జరుపుకుంటే చాలు. వచ్చిన మనిషి తెల్ల చొక్కా వేసుకొస్తే భుజాల గీత తెరలో కలిసిపోతుంది. స్టూడియోలో ముదురు రంగు చొక్కా ఒకటి తగిలించి ఉంచేవాళ్లు చాలా తెలివైన పని చేస్తున్నారు.

పెళ్లిళ్లలో ఈ సౌకర్యాలేవీ ఉండవు, కానీ షామియానా ఉంటుంది. తెల్లబట్ట షామియానా మధ్యాహ్నపు ఎండను వడగట్టి ఆకాశమంత సాఫ్ట్‌బాక్స్ అవుతుంది. నిజామాబాద్ మీద మే నడుమ, జూలై చివర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు బయట తీసిన ముఖాలకు కళ్ల గుంటల్లో నీడ తప్పదు, పందిరి కింద ఆ బాధ లేదు. గులాబీ, ఆకుపచ్చ చారల పందిరి అయితే మాత్రం ఆ రంగులన్నీ మధుపర్కాల మీద, ముఖాల మీద వాలతాయి. ఆల్బమ్ కోసం ఎంతో ఖర్చుపెట్టే ఇంటివాళ్లు పందిరి బట్ట తెలుపు ఎంచుకుంటే ఫొటోగ్రాఫర్‌కు అంతకు మించిన సాయం లేదు.

ఇక మిగిలింది "జెర తెల్లగ" అన్న కోరిక. ప్రయాణపత్రాల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణాలు ముఖఛాయ సహజంగా ఉండాలంటాయి. అక్కడ మనిషిని గుర్తుపట్టే యంత్రం కూడా కళ్లు, ముక్కు, నోటి చుట్టూ ఉన్న వెలుగునీడల తేడాలనే చదువుతుంది. అయినా ముఖం కొంత వెలుగుగా కావాలన్న కోరికను కాదనక్కర్లేదు. బ్రైట్‌నెస్ పట్టీని మాత్రం ముట్టుకోవద్దు, అది నలుపును కూడా పైకి లాగుతుంది. కర్వ్స్ తెరిచి, కంటిపాప ఉన్న 20 దగ్గర ఒక చుక్క, చొక్కా అంచు ఉన్న 237 దగ్గర మరొక చుక్క పెట్టి కదలకుండా బిగించండి. నడుమ 108 దగ్గరున్న చెంపను పట్టుకుని 125, 130 దాకా పైకెత్తండి. చెంప వెలుగుతుంది, కనుబొమ నల్లగానే ఉంటుంది, ముక్కు పక్క నీడ నిలుస్తుంది. ప్రింటుకు పంపేముందు కర్సర్‌ను కంటిపాప మీద, చెంప మీద, తెర మీద ఒక్కోసారి పెట్టి అంకెలు చూడండి. కంటిపాప 40 దాటిందంటే తెర లైటు ఎక్కువైందన్నమాట. దాన్ని తగ్గించి ఫొటో మళ్లీ తీయడం, కంప్యూటర్ ముందు కూర్చుని సరిచేయడం కంటే త్వరగా అయ్యే పని.